మూడు పాదాల ఆటవెలది వినడానికి కరీంనగర్ దాకా

ఈ ప్రయాణం దసరా సెలవుల్లో మా ఇంటి వాకిట్లోనే మొదలైంది. కరీంనగర్‌లో ఎమ్మే చదువుతున్న మా అమ్మాయి మాధవి సెలవులకు చెన్నూరు వచ్చి, ఒక సాయంత్రం చిక్కుడుకాయలు తుంచుతూ కూనిరాగం తీసింది. వాళ్ల కాలేజీలో ఒక బృందగానం జట్టు ఉంది. పద్యాలకూ కవితలకూ బాణీలు కట్టి ముప్పై మంది పిల్లలు కలిసి పాడతారు. ఈ ఏటి కచేరీలో ఆఖరి పాట మా బాపు, అంటే మా నాన్న, రాసిన పద్యం. మాధవి తాతను అడిగే ఇచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన మనిషి, రాసినవేవీ అచ్చుకు పంపని మనిషి, "పాడుకోండ్రి, నా పద్యానికి అంతకంటే ఏం గావాలె" అని సంబరపడ్డాడు. ఆ పద్యం ఇది:

గట్టు మీద నుండి గళమెత్తి పిలిచితి
పొద్దు గుంకె నీరు పొంగి పొరలె
ఓయి పడవవాడ! యొకసారి పలుకవా
వింటి, వింటినుండు, వేగ వత్తు

మొదటి మూడు పాదాలూ ఒడ్డున చిక్కుకున్న మనిషి పిలుపు. నాలుగోది అవతలి గట్టు నుంచి జవాబు: విన్నాను, ఉండు, త్వరగా వస్తానని. చిక్కుడుకాయల దగ్గర మాధవి మూడు పాదాలు పాడి ఆగిపోయింది.

"నాలుగోది?" అన్నాడు బాపు.

"అది లేదు తాతా. మా సారు తీసేసిండు. పిలుపుతోనే పాట అయిపోతది."

"ఆటవెలదికి నాలుగు పాదాలు బిడ్డా. మూడు పాదాల ఆటవెలది అంటే మూడు కాళ్ల మంచం. దాని మీద ఎవ్వలు పంటరు?"

మాధవి నవ్వింది. బాపు నవ్వలేదు. చేతిలో ఉన్న కాయను తట్టలో వేసి లేచాడు. "నేనొస్త కరీంనగర్‌కు. మీ సారుతోని మాట్లాడుత. నాలుగో పాదం పెడితే సరి, లేకుంటే నా పద్యం నాకియ్యిండ్రి" అన్నాడు. సెలవులైపోయి బస్సెక్కేటప్పుడు మాధవి నా చెయ్యి వదల్లేదు. ఆ పాటలో ఆఖరున అందరి గొంతులూ తగ్గిపోయి తన గొంతు ఒక్కటే మిగులుతుందట. రెండు నెలలుగా దానికోసమే సాధన చేస్తోంది. "తాత వద్దంటే సారు పాడనియ్యడు అమ్మా. తాతను నువ్వే చూసుకోవాలె" అంది. అటు బాపు, ఇటు బిడ్డ, నడుమ నేను. కచేరీకి టికెట్టు లేదని మాధవి ముందే చెప్పింది కాబట్టి ఖర్చంతా దారిదే అని లెక్క వేసుకున్నాను. అసలు బరువు దారి ఖర్చులో లేదని నాకు తెలుసు.

కచేరీ రోజు పత్తి ఏరే పనులు ముమ్మరంగా ఉన్నాయి. కూలీలను వదిలి మా ఆయన రాలేనన్నారు. బాపూ నేనూ తెల్లవారుజామున సద్ది కట్టుకుని బయలుదేరాము. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, పెరుగులో నానబెట్టిన అటుకులు. చెన్నూరు నుంచి మంచిర్యాలకు మొదటి బస్సు ఆరింటికి. మనిషికి ఆరు రూపాయలు. చలికాలం కాబట్టి శాలువా చేతిలో ఉండాలి, కిటికీల అద్దాలు సగం బస్సులకు ఉండవు. మంచిర్యాల నుంచి కరీంనగర్‌కు నేరుగా బస్సులున్నాయి గానీ, బాపుకు మోకాళ్ల నొప్పి. రెండున్నర గంటలు ముడుచుకుని కూర్చోలేడు. అందుకని రైల్లో పెద్దపల్లి వెళ్లి, అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలని అనుకున్నాను. ప్యాసింజరుకు మనిషికి నాలుగు రూపాయలే, కాళ్లు చాపుకోవచ్చు, పైగా గోదావరి కనిపిస్తుంది.

రైలు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. వంతెన మీదికి రాగానే పెట్టెలో మాటలు ఆగిపోయాయి, ఎప్పుడూ అంతే. కొందరు చేతులు జోడించారు, ఒకామె రూపాయి బిళ్ల విసిరింది. బాపు కిటికీ ఊచలకు నుదురు ఆనించి నీళ్ల వైపు చూశాడు. వానలు పోయి చాలా రోజులైంది. నది ఒక పక్కకు జరిగి, మిగతాదంతా ఇసుక.

"ఇప్పటోళ్లకు గీ వంతెన ఒక్కటే తెలుసు" అన్నాడు. "పిలుపు తెల్వదు."

నాకు తెలుసు. మా చిన్నతనంలో చెన్నూరు రేవు దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. అవతలి ఒడ్డు మీద ఎవరైనా వచ్చి పడవ కోసం కేక వేస్తే, ఇవతల ఆ కేక విన్నవాళ్లు ఎవరైనా సరే "ఓ…" అని బదులు పలకాలి. పడవ నడిపేవాడే పలకాలని లేదు. బట్టలు ఉతుకుతున్నా, గేదెలను కడుగుతున్నా, బిందె ముంచుతున్నా ఆపి పలకాలి. పడవ ఇప్పట్లో రాదని తెలిసినా పలకాలి. పిలిచినవాడికి తన గొంతు ఇవతలికి చేరిందని తెలియాలి, అంతే. నేనూ లంగా ఓణీల వయసులో ఎన్నిసార్లు "ఓ" అన్నానో లెక్కలేదు. ఆడపిల్ల గట్టిగా అరవకూడదని ఇంట్లో ఎంత కట్టడి చేసినా, రేవులో మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. పెళ్లయ్యాక రేవుకు పోవడం తగ్గింది. తర్వాత రోడ్లు పడ్డాయి, బస్సులొచ్చాయి. రేవు పనీ తగ్గింది.

పెద్దపల్లి స్టేషన్ బయట సద్ది విప్పుకుని తిన్నాం. బస్టాండు దాకా నడవగలిగినంత దూరమే. కరీంనగర్ బస్సులు అరగంటకొకటి ఉంటాయి. అయిదు రూపాయల టికెట్టు, గంట ప్రయాణం. బస్సు దిగేసరికి పన్నెండు దాటింది. బస్టాండుకు ఎదురుగా ఉన్న సందులో ఒక లాడ్జిలో రెండు మంచాల గది నలభై రూపాయలకు తీసుకున్నాను. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. నీళ్లు మాత్రం సాయంత్రం రావు, బకెట్టు నింపి పెట్టుకోవాలి. కాసేపు నడుం వాల్చి కాలేజీకి రిక్షా మాట్లాడాము.

"ఎనిమిది రూపాలు అక్కా" అన్నాడు రిక్షా అతను.

"మా బిడ్డ వచ్చినప్పుడల్లా ఐదుకే పోతది."

"మీ బిడ్డ ఒక్కతే, పుస్తకాలతోని. గీ పెద్దమనిషి కోపం మీద ఉన్నడు. బరువెక్కువ."

బాపు అతని వైపు కళ్లెర్రజేసి చూశాడు గానీ మీసం కింద పెదవి కదిలింది. ఆరు రూపాయలకు ఒప్పుకున్నాము. దారంతా అతను బాపుతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ పని మీద పోతున్నారని అడిగితే బాపు, "నా పద్యానికి ఒక కాలు నరికిండ్రు, తెచ్చుకుందామని పోతున్న" అన్నాడు. "దవాఖాన అటుపక్క ఉన్నది పెద్దయ్యా" అని నవ్వాడు అతను.

కాలేజీలోని పెద్ద గదిలో సాధన జరుగుతోంది. పిల్లలు నాలుగు గుంపులుగా నిలబడి ఉన్నారు. సన్నని గొంతుల ఆడపిల్లలు ఒక పక్క, బొంగురు గొంతుల ఆడపిల్లలు ఒక పక్క, మగపిల్లలు కూడా అలాగే రెండుగా. జట్టును నడిపే జయపాల్ సార్ నలభై ఏళ్ల మనిషి. తండ్రి కూలికి పోయేవాడట. పక్క పల్లెలోని మెథడిస్టు చర్చిలో చిన్నప్పుడు నాలుగు గొంతుల పాట నేర్చుకుని, దానితోనే ఇంత దూరం వచ్చారని మాధవి చెప్పింది. బాపును చూడగానే ఆయనే కుర్చీ మోసుకొచ్చి వేశారు.

"మీరొచ్చుడు మా అదృష్టం పెద్దసారూ."

"అదృష్టం సంగతి తర్వాత. నా నాలుగో పాదం ఏది?"

పిల్లలందరూ మాకేసి తిరిగారు. మాధవి తల వంచుకుంది. జయపాల్ సార్ నెమ్మదిగా అన్నారు: "మీతోని అబద్ధమాడను సారూ. దానికి బాణీ నాకు రాలే. ఆరు తీర్ల కట్టి చూసిన. 'వింటి వింటి' అని అందరితోని అనిపిస్తే అంగట్ల లొల్లి లెక్క ఉన్నది. ఒక్కలతోని అనిపిస్తే వంతపాట లెక్కైంది. పిలుపు గంత మంచిగొచ్చినంక, ఏం కట్టినా జవాబు చిన్నగనే అయితుంది. అందుకే అక్కడ ఆపిన."

"నీకు బాణీ రాలే అని నా పద్యాన్ని కుంటిదాన్ని చేస్తవా?"

"ముందుగాల మిమ్ముల అడుగుడుండె. నాదే తప్పు."

"తప్పుదేమున్నది, ఇప్పుడు పెట్టు."

"సాయంత్రం ఆరింటికి కచేరీ సారూ. ఇప్పుడు కొత్త పాదం నేర్పితే పిల్లలు తడబడుతరు. పద్యం మీది. వద్దంటే ఆ పాట తీసేస్త. జర సోంచాయించి చెప్పుండ్రి."

బాపు లేచి బయటికి నడిచాడు. మాధవి నా దగ్గరకు వచ్చి కొంగు పట్టుకుని నిలబడింది. ఇరవై రెండేళ్ల పిల్ల, చిన్నప్పుడు బడికి పోనని మారాం చేసినప్పటిలాగే పట్టుకుంది. "నువ్వు పో, నీళ్లు తాగు. గొంతు ఎండబెట్టుకోకు" అని చెప్పి బాపు వెనకాలే వెళ్లాను.

కాలేజీ గేటు పక్కన ఒకామె రేకుల కింద చిన్న హోటలు పెట్టుకుంది. సర్వపిండి వేడివేడిగా ఉంది, ముక్క రూపాయి. కరీంనగర్ వెళ్లినవాళ్లు తప్పక తినవలసింది, బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ గట్టిగా వేసి అడుగు మాడేదాకా కాలుస్తుంది. ఆమె బాపు ముఖం చూసి, "పెద్దయ్యకు చాయ్‌ల అల్లం జర ఎక్కువెయ్యనా? ఎవ్వలతోనో పంచాయితైనట్టున్నది" అంది. బాపు తల ఊపాడు. చాయ్ సగం తాగి గ్లాసు దించాడు. తర్వాత, నా వైపు చూడకుండా మా అవ్వ, అంటే మా అమ్మ, సంగతి చెప్పాడు.

"నువ్వు పుట్టకముందు ముచ్చట. మీ అవ్వ మంథని పోయింది, తల్లిగారింటికి. వానకాలం. వస్త అన్ననాడు రాలే, మర్నాడు బయలెల్లింది. ఆమె అవతలి రేవుకొచ్చేసరికి పొద్దుగూకింది, నీళ్లు పెరుగుతున్నయి. పడవ ఇటే ఉన్నది. మస్తుసేపు పిలిచిందట."

"ఎవ్వరు పలుకలేదా?"

"ఊరు ఊరంతా నాటకం సాధనకాడ ఉన్నది. పడవాయన కూడ అక్కడనే. నేను హార్మోనియం ముందట నిలవడి పద్యం ఎత్తుకున్న. జనం వన్స్ మోర్ అంటున్నరు, నేను మల్ల పాడుతున్న. గట్టు మీద ఒక్క పిట్ట లేదు." చాయ్ గ్లాసును బల్ల మీద ఇటూ అటూ తిప్పాడు. "రాత్రంతా అవతలి గట్టు మీద పసులకాపరి గుడిసెల కూసుండి, తెల్లారి వచ్చింది. కొట్లాడలే, ఏడ్వలే. ఒక్క మాటన్నది. 'పడవ రాకున్నా ఫికర్ లేకుండె. ఒక్క ఓ అంటే చాలుండె' అన్నది. నాకు జవాబు రాలే. గా జవాబే నాలుగో పాదం బిడ్డా. అది ముందుగాల వచ్చింది. పైన మూడు పాదాలు దానికోసం తర్వాత రాసిన."

మా అవ్వ పోయి ఆరేళ్లు. ఈ ముచ్చట ఆమె నోటి నుంచి ఎన్నడూ వినలేదు. "అవ్వకు వినిపించినవా?" అని అడిగాను.

"వినిపించిన. 'ఇప్పుడంటే ఏం లాభం' అన్నది." బాపు మొదటిసారి చిన్నగా నవ్వాడు. "అని, మల్లొకసారి చదువుమన్నది."

ఇది జయపాల్ సార్‌కు చెబుతానని లేవబోయాను. బాపు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "వద్దు. ఇంటి ముచ్చట అంగట్ల పెట్టి పాట సాధించుకుంటమా? ఆయన ఉన్న మాట చెప్పిండు. రాని బాణీని నేను కొట్టి రప్పిస్తనా?" "నువ్వేమంటవు?" అన్నాడు.

బాపు నన్ను సలహా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఆ పాదం లేకపోతే ఆయనకు ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది. పాటే లేకపోతే నా బిడ్డకు ఏమవుతుందో ముందే తెలుసు. ఇద్దరికీ సరిపోయే మాట కోసం వెతికాను, దొరకలేదు. "మూడు నెల్ల సంది పిలుస్తుంది బాపూ. పిలువనియ్యి" అన్నాను.

బాపు చాయ్ పూర్తి చేశాడు. "సరే, పిలువనియ్యి. నేనైతే లోపట కూసోను. జవాబు లేని పిలుపు నాకు వినబుద్ధి కాదు. బయట వరండల ఉంట." డబ్బులు నేను ఇస్తుంటే హోటలామె, "పంచాయితి తెగిందా అక్కా?" అని అడిగింది. సగం తెగిందన్నాను.

కచేరీ ఆరింటికన్నారు గానీ ఆరున్నరకు మొదలైంది. అయినా వెళ్లేవాళ్లు ఆరుకే వెళ్లడం మంచిది, ముందు వరసలు హాస్టలు పిల్లలతో నిండిపోతాయి. నేను నడుమ వరసలో, గోడ పక్కన కూర్చున్నాను. బాపు అన్న ప్రకారమే వరండాలో ద్వారం పక్కన బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చున్నాడు. నేను మెడ తిప్పితే ఆయన చెప్పులు కనబడుతున్నాయి.

ఇలాంటి కచేరీ నేను ఎన్నడూ చూడలేదు, హాల్లో చాలామందీ చూడలేదు. జయపాల్ సార్ వచ్చి దండం పెట్టి, వెంటనే మాకు వీపు చూపించి పిల్లల వైపు తిరిగి నిలబడ్డారు. నా వెనక ఒక పెద్దాయన, "గీయనేంది, పిలిచి మనకు వీపు చూపిస్తుండు?" అన్నాడు. పక్కనున్నామె, "పిల్లలను చూడకుంటే ఎట్ల పాడుతరు, ఊకోండ్రి" అని గదిమింది. మొదటి పాట మొదలవగానే ముందు వరసల్లో రెండు మెథడిస్టు కుటుంబాలవాళ్లు లేచి నిలబడ్డారు. చర్చిలో పాట మొదలైతే నిలబడడం వాళ్ల అలవాటు. వాళ్లను చూసి ఇది పద్ధతి కాబోలునని వెనక వరసలవాళ్లూ లేచారు. నేనూ లేచాను. సగం పాటకు ముందువాళ్లు చుట్టూ చూసుకుని నవ్వుకుంటూ కూర్చుంటే, వరస వరసగా అందరం కూర్చున్నాం. ఆ తర్వాత హాలంతా చుట్టరికం కలిసినట్టు తేలికపడింది.

పాటలు ఎలా ఉన్నాయో చెప్పాలి. మన పద్యం ఒక్క గొంతుది. ఎంత గొప్పగా పాడినా ఒక మనిషి, ఒక ఊపిరి. ఇక్కడ ఒక మాటను మగపిల్లలు కింద పట్టుకుని ఉంటే ఆడపిల్లలు దాన్ని దాటి ముందుకు పోతారు. వీళ్లు అన్న మాట కాసేపటికి వాళ్ల నోట వినిపిస్తుంది. మొదట్లో గందరగోళంగా అనిపించింది. నాలుగో పాటకు చెవి సర్దుకుంది. వంటింట్లో నేను ఒక పని చేస్తూ పక్క ఇంటి రోకలి చప్పుడూ, వాకిట్లో మాటలూ ఒకేసారి వింటానే, అలా విడివిడిగానూ కలిపీ వినవచ్చునని తెలిసింది.

ఆఖరి పాట వచ్చింది. "గట్టు మీద నుండి" అని ఒక గుంపు ఎత్తుకుంటే, రెండో గుంపు ఒక్క ఊపిరి ఆలస్యంగా అదే మాట అందుకుంది. వేదికకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. రేవులో పిలుపు ఇలాగే ఉండేది. నీళ్ల మీద పోయి గట్టుకు తగిలి, కొంచెం ఆలస్యంగా తిరిగి వచ్చేది. జయపాల్ సార్ ఏ రేవులో నిలబడి విన్నారో తెలియదు గానీ సరిగ్గా విన్నారు. "నీరు పొంగి పొరలె" దగ్గర మగగొంతులు కింది నుంచి లేచాయి. తర్వాత మూడో పాదం. "ఓయి పడవవాడ" అని అందరూ, తర్వాత సగం మంది, తర్వాత కొందరు. ఆఖరుకు మాధవి ఒక్కతే. "యొకసారి పలుకవా…"

ఆ గొంతు నా బిడ్డదే, కానీ ఇంట్లో నేనెప్పుడూ వినని గొంతు. దూరం పోవాలని పంపిన గొంతు. అది హాలు వెనక గోడ దాకా పోయి ఆగింది. జయపాల్ సార్ చెయ్యి గాల్లోనే ఉంది.

నేను "ఓ…" అన్నాను.

అనాలని అనుకోలేదు. ఎవరో పిలిచారు, వినబడింది, పలికాను. నా గొంతు అంత పెద్దగా వస్తుందని మరిచిపోయి పాతికేళ్లయింది. చుట్టుపక్కల పది తలలు నావైపు తిరిగాయి, ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. నా ముఖం వేడెక్కి, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేలోగా, వరండాలోంచి ఇంకొకటి వచ్చింది. "ఓ… ఓ…" బాపుది. డెబ్బై ఏళ్లు దాటిన గొంతు, పగిలిన గొంతు, నాటకాల గొంతు. ఆ వెంటనే ముందు వరసల్లోంచి, నేను ఎన్నడూ చూడని ఒక ధోవతీ ఆయన కూర్చున్నచోటి నుంచే, తల కూడా తిప్పకుండా, "ఓ…" అన్నాడు. ఆయన మంథని మనిషని తర్వాత తెలిసింది. మరెవరో అన్నారు. నవ్విన పిల్ల ఆగిపోయింది.

జయపాల్ సార్ చెయ్యి దించలేదు. ఆ పలుకులన్నీ అయిపోయేదాకా అలాగే ఉంచి, అప్పుడు దించి, మావైపు తిరిగారు. మాధవి నన్ను చూడలేదు. ద్వారం వైపు చూస్తోంది. శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా వాళ్ల తాత లోపలికి వచ్చి నిలబడి ఉన్నాడు. చప్పట్లు ఆ తర్వాత మొదలయ్యాయి.

జనం తగ్గాక జయపాల్ సార్ మా దగ్గరకు వచ్చారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, మాటలో మాత్రం నవ్వు ఉంది. "ఆరు తీర్ల కట్టిన సారూ. గిది ఏడోది, నాకు తట్టలే."

"నాకు కూడ తట్టలే" అన్నాడు బాపు. "ఇగ నాలుగో పాదం కట్టకు. అట్లనే ఉంచు."

"ఇంకో ఊర్లె పాడుతే? రేవు తెల్వనోళ్లుంటరు. ఎవ్వలు పలుకకుంటే ఎట్ల?"

బాపు జారిన శాలువా సర్దుకున్నాడు. "పలుకకుంటే నువ్వే ఇటు తిరిగి పలుకు. ఎట్లాగూ మాకు వీపు చూపిస్తవాయె" అన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. మాధవి వచ్చి తాత భుజం మీద తల పెట్టింది. "మంచిగ పిలిచినవు బిడ్డా" అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చిన దారినే తిరిగి బయలుదేరాము. ఇద్దరికీ కలిపి, గదితో సహా, నూట పాతిక రూపాయల లోపే అయింది. అందులో సర్వపిండి రెండోసారి కొన్నదీ ఉంది. రైలు వంతెన మీదికి వచ్చినప్పుడు బాపు మళ్లీ కిటికీ దగ్గరే ఉన్నాడు. ఇసుక మీద మంచు ఇంకా తొలగలేదు. అవతలి ఒడ్డు కనబడడం లేదు.

"ముందుగాల పలికింది నువ్వే కదా?" అన్నాడు.

"నేనే."

"సన్నగున్నది గొంతు. మీ అవ్వకైతే వినరాకపోవు." నీళ్ల వైపే చూస్తూ, "వినొచ్చే ఉంటది తీ" అన్నాడు.

పద్యంలోంచి ఒక పాదం తీసేస్తే అది కుంటిదవుతుందని బాపు చెప్పింది నిజమే. దానికి బాణీ రాలేదని జయపాల్ సార్ చెప్పిందీ నిజమే. రెండు నిజాల నడుమ నేను ఒక రోజంతా నలిగాను. ఏది ఒప్పో తేల్చే తెలివి నాకు లేదనుకున్నాను. తేల్చవలసింది నేను కాదేమో. కొన్ని జవాబులు రాసేవాళ్ల దగ్గరా ఉండవు, పాడేవాళ్ల దగ్గరా ఉండవు. ఎదుటి ఒడ్డున ఊరికే కూర్చుని ఉన్నవాళ్ల దగ్గర ఉంటాయి, వాళ్లు పలికితేనే తెలుస్తాయి. మా అవ్వ అడిగింది పడవను కాదు. ఇన్నేళ్లు ఇంట్లో ఎవరు పిలిచినా చేతిలో పని అయ్యాక పలుకుదామని ఊరుకున్న సందర్భాలు నాకూ ఉన్నాయి. ఇప్పుడు గంజి వార్చుతున్నా ముందు "ఓ" అంటున్నాను, తర్వాతే గిన్నె దింపుతున్నాను.

ఈ దారిన వెళ్లదలచినవాళ్లకు ఒక మాట. పెద్దపల్లి నుంచి మంచిర్యాలకు తిరుగు ప్యాసింజరు సమయానికి రాదు, మంచిర్యాలలో చెన్నూరు బస్సు దాని కోసం ఆగదు. సాయంత్రం రైలు నమ్ముకోకుండా పొద్దుటి రైలే ఎక్కండి. ఎక్కాక కిటికీ దగ్గర చోటు చూసుకోండి, వంతెన వచ్చేసరికి మాటలు ఆపండి.